స్టెరైల్ సెలైన్ బ్లాంక్ ప్లేటులో కాలనీలు: తప్పు ఆటోక్లేవ్‌దా, ఆ తర్వాతదా?

రొయ్యల ల్యాబ్ (భీమవరం)

అందరికీ నమస్కారమండి. మాది చెరువు నీళ్ళు, రొయ్య శాంపిళ్ళు చూసే ల్యాబ్. నా పీహెచ్‌డీ పని కూడా ఇక్కడే సాగుతోంది. శాంపిళ్ళు పలచన చేయడానికి సెలైన్, పీబీఎస్ (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణం) మేమే తయారుచేసి ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) పెడతాం. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, 15 నిమిషాలు. వానలు మొదలైనప్పటి నుంచి బ్లాంక్ ప్లేట్లలో మీగడ రంగు కాలనీలు వస్తున్నాయి. అంటే శాంపిల్ ఏమీ వేయకుండా ఉత్త సెలైన్ పోసిన ప్లేట్లు. ఒక్కోసారి రావు, ఒక్కోసారి బోలెడు వస్తాయి. ఆటోక్లేవ్ టేపు మీద నల్ల గీతలు మాత్రం ప్రతిసారీ చక్కగా పడుతున్నాయి. సీసాలో సెలైన్ కూడా అద్దంలా ఉంటుంది. రైతులకి ఇచ్చే విబ్రియో (రొయ్యలకి జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) కౌంట్ రిపోర్టులు దీని మీదే ఆధారపడతాయి కాబట్టి చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టమంటారు?

సూక్ష్మజీవి పాఠం (రాజమండ్రి)

ముందుగా ఆ టేపు సంగతి. ఆ గీతలు చెప్పేది ఒక్కటే, సీసాకి వేడి ఆవిరి తగిలిందని. లోపల ద్రావణం మధ్యభాగం 121కి చేరిందా, ఎంతసేపు అక్కడ నిలిచింది అన్నది టేపుకి తెలియదు. టేపు చూసి స్టెరైల్ అని సంతకం పెట్టే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. అది పోవాలని క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ చెబుతుంటాను.

రెండోది, ప్రెషర్ ముల్లు. 15 పౌండ్లు చూపిస్తే లోపల 121 డిగ్రీలు ఉన్నట్టేనని అనుకుంటాం. లోపల ఉన్నదంతా ఆవిరి అయితేనే ఆ లెక్క నిజం. గాలి పూర్తిగా పోకముందే వాల్వ్ మూసేస్తే, అదే 15 పౌండ్ల దగ్గర సగం గాలి మిగిలి ఉంటే వేడి 112 దగ్గరే ఆగిపోతుంది. గాలి అసలు పోకపోతే 100 దాటదు. బాసిల్లస్ బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పొర కట్టుకుని నిద్రపోయే రూపం) ఆ వేడికి హాయిగా బతుకుతాయి. మీది నిలువు ఆటోక్లేవ్ అయితే వాల్వ్ నుంచి ఆవిరి ధారగా, ఆగకుండా వచ్చేదాకా, ఆ తర్వాత కూడా కొన్ని నిమిషాలు, తెరిచే ఉంచండి. కరెంటు వోల్టేజీ తగ్గిన రోజుల్లో ఇది ఇంకా ఎక్కువసేపు పడుతుంది.

మూడోది టైము. 15 నిమిషాలు అన్నది టెస్ట్‌ట్యూబులకి, చిన్న ఫ్లాస్కులకి సరిపోయే లెక్క. అర లీటరు సీసాలో నడుమ ఉన్న నీళ్ళు వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది. అందుకే 500 మి.లీ. సీసాలకి 30 నిమిషాల దాకా పెడతారు. సీసాలు ఒకదానికొకటి ఆనించి కుక్కితే అదీ చాలకపోవచ్చు. మీరు ఎంత సైజు సీసాలు పెడుతున్నారు? ఎలా పేరుస్తున్నారు?

ఇంకొక్క ముఖ్యమైన మాట. సెలైన్ అద్దంలా ఉందంటే స్టెరైల్ అని కాదు. అందులో బ్యాక్టీరియాకి తిండి లేదు కాబట్టి అవి ఉన్నా పెద్దగా పెరగవు, మబ్బుగా కనబడవు. మి.లీ.కి లక్షల్లో ఉన్నా కంటికి తేటగానే ఉంటుంది. కొంత సెలైన్ తీసి అంతే మోతాదు డబుల్ స్ట్రెంత్ న్యూట్రియంట్ బ్రాత్‌లో (రెట్టింపు చిక్కగా చేసిన, బ్యాక్టీరియాకి తిండి ఉన్న ద్రవం) కలిపి ఇంక్యుబేటర్‌లో పెట్టండి. అప్పుడు బయటపడుతుంది.

అరటి టిష్యూకల్చర్ (రావులపాలెం)

మాష్టారు చెప్పింది అక్షరాలా నిజం. నేను మాత్రం ఆటోక్లేవ్ తర్వాత జరిగేదాని మీద పట్టుబడతాను. మా దగ్గర అరటి మొక్కల సీసాలు వేలల్లో ఉంటాయి. ముసురు పట్టిందంటే ఫంగస్ ఎటునుంచి వస్తుందా అని కాపలా కాయాల్సిందే.

సీసా చల్లారుతున్నప్పుడు లోపల ఆవిరి కుంచించుకుపోయి బయటి గాలిని లోపలికి లాక్కుంటుంది. మూత వదులుగా ఉంటుంది కదండీ (ఉండాలి కూడా, బిగించి పెడితే సీసా పగులుతుంది), ఆ సందులోంచే గది గాలి లోపలికి పోతుంది. సీసాలు చల్లారే చోటు ఎలాంటిదో అదే మీ ద్రావణంలోకి వస్తుంది. వాటిని ఎక్కడ చల్లారుస్తున్నారు? కారిడార్‌లోనా, ఏసీ కిందా? ఏసీ నుంచి నీటి చుక్కలు పడే చోటయితే వెంటనే మార్చండి. మేం చల్లార్చడానికి వేరే గది పెట్టుకున్నాం. చేతితో పట్టుకునేంత వేడికి రాగానే లామినార్‌లోకి (వడకట్టిన గాలి వీచే పని బల్ల) తీసుకెళ్ళి అక్కడే మూతలు బిగిస్తాం.

దూది బిరడాలు వాడుతుంటే నీరు పీల్చని దూదే వాడాలి. మందుల షాపులో దొరికే మామూలు దూది ఆవిరికి తడిసిపోతుంది. తడి దూదిలోంచి ఫంగస్ పోగు దారి చేసుకుని లోపలికి దిగుతుంది. పైన కాగితమో, ఫాయిలో కట్టి పెట్టండి. మన డెల్టాలో ఆగస్టు, సెప్టెంబరు నెలల గాలికి పొడి దూది కూడా రెండు రోజుల్లో చెమ్మగిల్లుతుంది.

వరి విత్తనం (మార్టేరు)

నాదో చిన్న అనుమానం. ల్యాబ్ పక్కన రైస్ మిల్లు గానీ, ధాన్యం ఆరబోసే కళ్ళం గానీ ఉన్నాయా? ధాన్యం దుమ్ములో బాసిల్లస్ సీరియస్ స్పోర్లు మామూలుగానే ఉంటాయి. సార్వా నూర్పిళ్ళప్పుడు, దాళ్వా మాసూళ్ళప్పుడు మా ల్యాబులోనూ గాలి ప్లేట్లు (మూత తీసి గదిలో ఉంచేవి) నిండిపోతాయి. ఆల్కహాల్‌తో తుడిచినా స్పోర్లు చావవు. 70 శాతం ఆల్కహాల్ మామూలు బ్యాక్టీరియాని చంపుతుంది, స్పోర్లని కాదు. వాటికి తాజాగా కలిపిన హైపోక్లోరైట్ కావాలి. అది కూడా మట్టి, మురికి తుడిచేశాకే.

కాలనీలకి గ్రామ్ స్టెయిన్ (రంగు వేసి బ్యాక్టీరియాని పాజిటివ్, నెగటివ్ అని విడదీసే పరీక్ష) చేసి చూడండి. గ్రామ్ పాజిటివ్ కడ్డీలు, వాటిలో స్పోర్లు కనబడితే ఆటోక్లేవ్ మీదా, దుమ్ము మీదా అనుమానం. గ్రామ్ నెగటివ్ కడ్డీలయితే అవి సరైన ఆటోక్లేవ్‌లో బతకవు. నీటి నుంచో, చెయ్యి నుంచో, పైపు నుంచో తర్వాత వచ్చినట్టు. ఇదొక్కటే తేల్చెయ్యదు గానీ దారి చూపిస్తుంది.

రొయ్యల ల్యాబ్ (భీమవరం)

వివరాలు: 500 మి.లీ. స్క్రూ మూత సీసాలు, ఒక్కో లోడుకి బుట్ట నిండా. చల్లారేది ఆటోక్లేవ్ గది బయట బల్ల మీద, పైన ఏసీ ఉంది. వాడేటప్పుడు సీసాకి డిస్పెన్సర్ పంపు బిగించి 9 మి.లీ. చొప్పున ట్యూబుల్లోకి కొడతాం. రైస్ మిల్లు దూరంలోనే ఉంది. డిస్టిల్డ్ వాటర్ 20 లీటర్ల క్యాన్‌లో నిల్వ పెడతాం. బోరు నీళ్ళు ఉప్పు కాబట్టి ఆర్‌వో దాటించి, డిస్టిల్ చేస్తాం.

సూక్ష్మజీవి పాఠం (రాజమండ్రి)

ఆ డిస్పెన్సర్ ట్యూబుని ఆటోక్లేవ్ చేస్తున్నారా? ఎప్పుడెప్పుడు?

క్యాన్ సంగతి కూడా చెబుతాను. డిస్టిల్డ్ వాటర్‌లో ఏమీ పెరగదని అందరూ అనుకుంటారు. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఆ నీటిలోనే, క్యాన్ గోడకి జిగురు పొరలా పట్టుకుని బతుకుతాయి. కుళాయి మూతి దగ్గర మరీ ఎక్కువ. ఆటోక్లేవ్‌లో అవి చస్తాయి, నిజమే. కానీ చచ్చిన గ్రామ్ నెగటివ్ కణాల నుంచి వచ్చే విషపదార్థం, ఎండోటాక్సిన్, అలాగే ఉండిపోతుంది. మీ ప్లేట్ కౌంట్‌కి దానితో ఇబ్బంది లేదు, కణాల కల్చర్ చేసేవాళ్ళకి మాత్రం పెద్ద ఇబ్బంది. క్యాన్ అడుగున పాత నీళ్ళు ఉండగానే పైన కొత్తవి కలపడం మానేయండి. పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి నింపండి.

ఫార్మసీ బెంచ్ (కాకినాడ)

ఎండోటాక్సిన్ మాట వచ్చింది కాబట్టి నేనూ కలుస్తాను. స్టెరైల్ వేరు, పైరోజన్ (ఒంట్లోకి పోతే జ్వరం తెప్పించే పదార్థం, ఎండోటాక్సిన్ లాంటిది) లేకపోవడం వేరు. 121 డిగ్రీల ఆవిరికి ఎండోటాక్సిన్ పోదు. గాజు సామానుకి 250 డిగ్రీల పొడి వేడి అరగంట ఇస్తే పోతుంది. 0.22 మైక్రాన్ ఫిల్టర్ కూడా దాన్ని ఆపదు.

ఫిల్టర్ గురించి అడగకపోయినా చెబుతున్నాను, ఎందుకంటే మా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో చాలామంది ఏ ద్రావణాన్ని దేనితో స్టెరైల్ చేయాలో ఆలోచించకుండా అన్నీ ఒకే బుట్టలో పెట్టేస్తున్నారు. యాంటీబయాటిక్స్, విటమిన్లు, గ్లుటమిన్, సీరమ్, యూరియా లాంటివి వేడికి పాడవుతాయి. వాటిని 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లోంచే పంపాలి. గ్లూకోజ్‌ని మీడియాతో కలిపి ఆటోక్లేవ్ చేస్తే గోధుమరంగుకి తిరుగుతుంది. విడిగా చేసి చల్లారాక కలపాలి. ఫాస్ఫేట్ ఉన్న బఫర్‌లో కాల్షియం, మెగ్నీషియం ముందే వేసి వేడి చేస్తే తెల్లగా అడుగుకి దిగుతుంది. అది కంటామినేషన్ అనుకుని పారబోసేవాళ్ళనీ చూశాను.

ఫిల్టర్ పొర రకం కూడా చూసుకోవాలి. ప్రొటీన్ ఉన్నవాటికి పీఈఎస్ మంచిది, ప్రొటీన్‌ని తక్కువ పట్టుకుంటుంది. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కలిపిన స్టాక్‌ని సెల్యులోజ్ అసిటేట్ పొరలోంచి పంపితే పొరే కరిగిపోతుంది. సిరంజిని బలంగా నొక్కితే పొర చిరుగుతుంది. చిరిగిన సంగతి చేతికి తెలుస్తుంది, అప్పటిదాకా బిగువుగా ఉన్నది ఒక్కసారిగా వదులవుతుంది. అప్పుడు ఆ సీసా మొత్తం కొత్త ఫిల్టర్‌తో మళ్ళీ వడకట్టాలి. మైకోప్లాస్మా అనే చాలా చిన్న బ్యాక్టీరియా 0.22లోంచి దూరిపోగలదు, దానికి 0.1 కావాలి. వైరస్‌ల మీద ఈ ఫిల్టర్ల నమ్మకం పెట్టుకోవద్దు.

ఎమ్మెస్సీ ఫైనల్ (అమలాపురం)

నమస్తే అండి. మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా కాలేజీలో టీసీబీఎస్ అగార్ (విబ్రియోల్ని పెంచి లెక్కపెట్టే మీడియా) ఆటోక్లేవ్ పెట్టొద్దన్నారు. మిగతావన్నీ పెడుతూ దీన్నొక్కదాన్నే మరిగించి పోయడం ఎందుకు? అది స్టెరైల్ కాదు కదా?

రొయ్యల ల్యాబ్ (భీమవరం)

తమ్ముడూ, ఇది నేను చెబుతాను, రోజూ చేసే పని. టీసీబీఎస్‌లో పైత్యరస లవణాలు, థయోసల్ఫేట్, చక్కెర ఉంటాయి. ఆటోక్లేవ్ వేడికి ఆ కూర్పు చెడి ప్లేటు సరిగ్గా పనిచేయదు. పూర్తిగా కరిగేదాకా మరిగించి, 50 డిగ్రీల దగ్గరికి చల్లార్చి, లామినార్‌లో పోయాలి. ఆ లవణాలూ, ఎక్కువ పీహెచ్చూ కలిసి మిగతా వాటిని పెరగనివ్వవు కాబట్టి మరిగిస్తే సరిపోతుంది. పోసిన ప్లేటొకటి ఏమీ వేయకుండా ఇంక్యుబేట్ చేసి చూడడం మాత్రం మానకు.

ఇంకో సంగతి. రొయ్య శాంపిల్‌ని ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో పలచన చేయకు. ఉప్పు నీటి విబ్రియోలు అందులో పగిలిపోతాయి, కౌంట్ తక్కువ వస్తుంది, చెరువు బాగుందని రైతు నమ్ముతాడు. 2 నుంచి 3 శాతం ఉప్పు ఉన్న డైల్యూయెంటే (పలచన చేసే ద్రావణం) వాడు.

అరటి టిష్యూకల్చర్ (రావులపాలెం)

కుర్రాళ్ళు చదువుతున్నారు కాబట్టి ఒంటి జాగ్రత్త కూడా రాసిపెడదాం. ఆటోక్లేవ్ ముల్లు సున్నాకి వచ్చిందని వెంటనే మూత తీసి సీసా పైకెత్తకండి. పైకి కదలిక లేకపోయినా లోపల ద్రావణం మరుగు దాటి ఉంటుంది. కొంచెం కుదిపితే చాలు, ఒక్కసారిగా పొంగి ముఖానికి కొడుతుంది. సీసాలో మూడొంతుల్లో రెండొంతులే నింపాలి. ముల్లు సున్నాకి వచ్చాక వేడి 80 కిందికి దిగేదాకా ఆగాలి. మందపాటి గ్లౌజులు, ముఖానికి అడ్డు, కాళ్ళకి మూసి ఉన్న చెప్పులు. మన ఊళ్ళలో చాలా ల్యాబుల్లో హవాయి చెప్పులతోనే తిరుగుతారు, అది నాకు అస్సలు నచ్చదు.

బ్లీచింగ్ కలిపినవి, ఫినాల్, క్లోరోఫాం, ఫార్మాలిన్ ఉన్నవి ఆటోక్లేవ్‌లో పెట్టకూడదు. విషవాయువులు గది నిండా కమ్ముతాయి. లామినార్‌లో ఆల్కహాల్‌తో తుడిచిన చేతులు ఆరకముందే బర్నర్ వెలిగించొద్దు.

సూక్ష్మజీవి పాఠం (రాజమండ్రి)

అరటి గారి మాటకి ఒకటి జతచేస్తాను. అడ్డంగా గాలి వీచే లామినార్ మీ ద్రావణాన్ని కాపాడుతుంది, మిమ్మల్ని కాదు. గాలి నేరుగా మీ ముఖం మీదకే వస్తుంది. రోగకారక శాంపిళ్ళు అందులో తెరవకూడదు, వాటికి క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్ కావాలి. ఆ క్యాబినెట్‌లో మళ్ళీ బర్నర్ వద్దు, మంట వల్ల గాలి ధార చెదిరిపోతుంది.

రొయ్యల ల్యాబ్ (భీమవరం)

మీరు చెప్పినట్టే చేసి చూశామండి. ఫలితాలు ఇవీ.

ఆటోక్లేవ్ నుంచి తీసి, వేరే గదిలో చల్లార్చి, లామినార్‌లో తెరిచిన సీసాల సెలైన్ డబుల్ బ్రాత్‌లో కలిపితే ఏమీ పెరగలేదు. అదే సీసాకి డిస్పెన్సర్ బిగించి కొట్టిన సెలైన్ మర్నాటికల్లా మబ్బు పట్టింది. గ్రామ్ నెగటివ్ కడ్డీలు. ట్యూబు లోపల కాటన్ బడ్‌తో తుడిస్తే జిగురు వచ్చింది. కంపెనీ కాగితం చూస్తే ఆ మోడల్ ట్యూబు ఆటోక్లేవ్‌కి తట్టుకోదట, అందుకే కొన్నప్పటి నుంచి ఆల్కహాల్ పంపి ఊరుకునేవారట. ఆటోక్లేవ్ చేయగల డిస్పెన్సర్‌కి ఆర్డర్ పెట్టాం. ఈలోగా 9 మి.లీ. చొప్పున ముందే ట్యూబుల్లో పోసి, మూతలతో సహా ఆటోక్లేవ్ చేస్తున్నాం. బ్లాంకులు శుభ్రంగా వస్తున్నాయి.

ఇంకొకటి కూడా బయటపడింది. స్పోర్ వయల్స్ (వేడికి మొండి స్పోర్లున్న చిన్న సీసాలు, స్పోర్లు బతికితే ఊదారంగు పసుపవుతుంది) తెప్పించి, ఒకటి బుట్ట అంచున, ఒకటి సరిగ్గా నడుమ పెట్టాం. అంచున ఉన్నది ఊదారంగులోనే ఉంది. నడుమది పసుపుకి తిరిగింది.

సూక్ష్మజీవి పాఠం (రాజమండ్రి)

అంటే నడుమ స్పోర్లు బతికాయి. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ వేడికి మొండిది, దాన్ని చంపగలిగితే మిగతావి చచ్చినట్టే లెక్క. మీ సెలైన్‌లో అలాంటి స్పోర్లు తక్కువ కాబట్టి బ్రాత్‌లో ఏమీ పెరగలేదు. అదృష్టం మీద నడిచిందన్నమాట. ఇక మీదట సగం బుట్టే నింపండి, సీసాల మధ్య రెండు వేళ్ళ సందు వదలండి, 30 నిమిషాలు పెట్టి వయల్‌ని మళ్ళీ నడుమనే ఉంచి చూడండి. పసుపు రాకపోతే ఆ పేర్పునే గోడ మీద రాసిపెట్టి అందరూ అలాగే పేర్చేలా చూడండి. రిపోర్టుల కోసం ఒత్తిడి ఉన్న రోజున బుట్ట మళ్ళీ నిండిపోతుంది, అది ఒప్పుకోవద్దు.

మీరు బ్లాంక్ ప్లేట్లు ఆపకుండా పెట్టారు కాబట్టే ఇదంతా దొరికింది. చాలా ల్యాబుల్లో ఖర్చని అవే మొదట మానేస్తారు.

వరి విత్తనం (మార్టేరు)

తుఫాను రోజుల నిల్వ గురించి కూడా ఎవరైనా చెప్పండి. 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు కరెంటు పోయి, ఫ్రిజ్‌లో స్టాకులు ఏవి వాడాలో ఏవి పారెయ్యాలో తెలియలేదు.

ఫార్మసీ బెంచ్ (కాకినాడ)

ఫ్రిజ్‌లో గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రత గుర్తుంచుకునే థర్మామీటర్ పెట్టండి. ఖరీదు ఎక్కువ కాదు. కరెంటు వచ్చాక ఫ్రిజ్ మళ్ళీ 4 చూపిస్తుంది, మధ్యలో 25 దాకా వెళ్ళిందా లేదా అన్నది దానికే తెలుస్తుంది. ఫ్రీజర్‌కి ఇంకో ఉపాయం. చిన్న డబ్బాలో నీళ్ళు గడ్డకట్టించి పైన ఒక రూపాయి బిళ్ళ పెట్టండి. బిళ్ళ మంచు లోపలికి దిగి ఉంటే కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం.

మూత బిగించి ఉన్న సెలైన్, పీబీఎస్‌కి గది వేడి తగిలితే నష్టం లేదు. ఆంపిసిలిన్ లాంటి యాంటీబయాటిక్ స్టాకులు, ఎంజైములు, సీరమ్ విషయంలో జాలి పడొద్దు. వీటన్నిటినీ మొదటి నుంచే చిన్న చిన్న అలికాట్లుగా పంచి పెట్టుకుంటే కరిగించి గడ్డకట్టించడం తగ్గుతుంది, ఒకటి పాడైనా మిగతావి మిగులుతాయి. ఫ్రిజ్ తలుపులో ఏదీ పెట్టకండి, తెరిచినప్పుడల్లా వేడి తగిలేది అక్కడే.

లేబుల్ మీద పేరు, గాఢత, పీహెచ్, చేసిన తేదీ, ఎలా స్టెరైల్ చేశారో, చేసినవాళ్ళ పేరు, మొదట తెరిచిన తేదీ ఉండాలి. మన చెమ్మకి పెన్ను రాత చెదిరిపోతుంది, పైన పారదర్శక టేపు వేయండి.

ఎమ్మెస్సీ ఫైనల్ (అమలాపురం)

మేడమ్, మీకే ఒక ప్రశ్న. మా ఊళ్ళో జిమ్‌కి వెళ్ళే స్నేహితులు ఆన్‌లైన్‌లో ఏవో పెప్టైడ్ పొడులు తెప్పించుకుంటున్నారు. సీసా మీద పరిశోధనకి మాత్రమే అని ఉంటుంది. కలుపుకోవడానికి బాక్టీరియోస్టాటిక్ వాటర్ దొరక్కపోతే మా ల్యాబ్ స్టెరైల్ వాటర్ ఇమ్మంటున్నారు. ఇవ్వొచ్చా?

ఫార్మసీ బెంచ్ (కాకినాడ)

ఇవ్వకు నాన్నా. ఒక్క చుక్క కూడా వద్దు. మీ ల్యాబ్ నీటికి ఎండోటాక్సిన్ పరీక్ష జరగలేదు, నలుసుల పరీక్ష జరగలేదు. ఒంట్లోకి పోతే జ్వరం, వణుకు, ఇంకా పెద్ద ప్రమాదమే రావచ్చు. ఉత్త నీరు ఎక్కువగా రక్తంలోకి వెళితే ఎర్రకణాలు ఉబ్బి పగిలిపోతాయి కూడా. ఆ పొడిలో అసలేముందో ఎవరికీ తెలియదు, నీళ్ళు మంచివైనా దాని ప్రమాదం పోదు.

బాక్టీరియోస్టాటిక్ వాటర్ అంటే 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ కలిపిన స్టెరైల్ నీరు. అది బ్యాక్టీరియా పెరగకుండా ఆపుతుంది, మురికి సూదితో పొడిస్తే శుభ్రం చెయ్యదు. మొదటిసారి పొడిచిన దగ్గర నుంచి 28 రోజులు దాటితే పారెయ్యాలన్నది ప్రమాణం. నెలలు నిండని శిశువుల్లో బెంజైల్ ఆల్కహాల్ వల్ల మరణాలు జరిగినట్టు 1982లోనే బయటపడింది. కాబట్టి దాన్ని కూడా మామూలు నీరు అనుకోకూడదు. ల్యాబులో కణాల కల్చర్‌కి, చేపపిల్లల ప్రయోగాలకి కూడా వాడొద్దు, ఫలితం తారుమారవుతుంది. నీ స్నేహితుల్ని డాక్టర్ దగ్గరికి వెళ్ళమని గట్టిగా చెప్పు.

ఎమ్మెస్సీ ఫైనల్ (అమలాపురం)

ఈ రోజే చెప్పేస్తానండి. చివరిగా, సగం వాడి మిగిలిన సీసాలు సింకులో పోసెయ్యొచ్చా?

సూక్ష్మజీవి పాఠం (రాజమండ్రి)

సెలైన్, పీబీఎస్ శాంపిల్ తగలనివైతే పోసెయ్యి. శాంపిల్ తగిలినవీ, ఏదైనా పెరిగినవీ ఆటోక్లేవ్ చేశాకే పొయ్యాలి. సోడియం అజైడ్ కలిపినవి మాత్రం సింకు దగ్గరికే తీసుకెళ్ళకు. రాగి, సీసం పైపుల్లో అది పేలే పదార్థంగా మారుతుంది, యాసిడ్ తగిలితే విషవాయువు వస్తుంది. వేరే డబ్బాలో పోసి, పేరు రాసి, రసాయన వ్యర్థాలు తీసుకెళ్ళే వాళ్ళకే ఇవ్వాలి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఆ డబ్బా లేకపోతే రేపే హెచ్‌ఓడీ గారిని అడుగు.